వేగానికి కట్టే బిల్లు

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. అక్కడ ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు పెరట్లో ఈతకొలను ఉంటే, ఎంత లోతు, చుట్టూ కంచె ఉందా, పిల్లలకు భద్రమేనా అని అడుగుతారు. ఏసీ యంత్రం పక్కన, గోడ వారగా సిమెంటు దిమ్మ మీద కూర్చున్న పంపు గురించి పెద్దగా ఎవరూ అడగరు. జులైలో కరెంటు బిల్లు చూసినప్పుడు తప్పంతా ఏసీదే అనుకుంటారు. ఏసీ వాటా పెద్దదే, నిజమే. కానీ కొలను ఉన్న ఇళ్లలో చాలాసార్లు రెండో స్థానం ఆ పంపుదే. ఫ్రిజ్, వాషింగ్ మిషన్, టీవీ అన్నీ దాని తర్వాతే.

అమెరికాలో నేలలో తవ్వి కట్టిన ఇంటి కొలనులు యాభై లక్షలకు పైగా ఉన్నాయి. ఫ్లోరిడా, కాలిఫోర్నియా రాష్ట్రాల్లోనే చెరో పది లక్షలు దాటాయి. వాటిలో ఒక మామూలు కొలనును తీసుకుందాం. 20 వేల గాలన్లు, అంటే దాదాపు 75 వేల లీటర్ల నీళ్లు. ఒకే వేగంతో తిరిగే పాతరకం పంపు 1.8 కిలోవాట్లు తీసుకుంటుంది. రోజుకు 8 గంటలు నడిస్తే 14.4 యూనిట్లు, నెలకు 432 యూనిట్లు. అమెరికాలో ఒక సగటు ఇల్లు మొత్తం కలిపి నెలకు వాడేది 900 యూనిట్లకు కాస్త అటూ ఇటూ. అంటే ఒక్క పంపు అర ఇంటితో సమానం. 2024లో ఆ దేశపు ఇళ్లకు యూనిట్ ధర సగటున 16.5 సెంట్ల దగ్గర ఉంది. ఆ లెక్కన పంపు ఖర్చు నెలకు 71 డాలర్లు. కాలిఫోర్నియాలో సగటు ధర 30 సెంట్లు దాటింది కాబట్టి అక్కడ అదే పంపు 130 డాలర్లు తింటుంది.

ఈ డబ్బులో చాలా భాగం నీళ్లను శుభ్రం చేయడానికి ఖర్చు కాదు. నీళ్లను తొందరపెట్టడానికి ఖర్చవుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ నీళ్లు ఏ దారిన పోతున్నాయో చూడాలి.

కొలను అంచున, నీటిమట్టం దగ్గర స్కిమ్మర్ అనే గూడు ఉంటుంది. పైన తేలే ఆకులు, పురుగులు అందులోకి వస్తాయి. అడుగున మరో రంధ్రం ఉంటుంది. ఈ రెండింటి నుంచీ వచ్చిన నీళ్లు పంపు ముందున్న బుట్టలోకి చేరతాయి. చెత్త బుట్టలో ఆగిపోతుంది, నీళ్లు పంపు చక్రంలోకి వెళ్తాయి. ఆ చక్రం విసిరిన నీళ్లు ఫిల్టర్‌లోని ఇసుక గుండానో, మడతల గుడ్డ గుండానో దూరి, హీటర్ ఉంటే అందులోంచి, క్లోరిన్ కలిపే సాధనంలోంచి పోయి, గోడలో ఉన్న రంధ్రాల ద్వారా మళ్లీ కొలనులోకే వస్తాయి.

మళ్లీ కొలనులోకే రావడం అన్నదే ఇక్కడ అసలు కీలకం. మన రైతు పొలంలో మోటారు చేసే పనికీ, ఈ పంపు చేసే పనికీ తేడా అక్కడే ఉంది. 60 మీటర్ల లోతు బోరులోంచి నీళ్లు తోడాలంటే ప్రతి లీటరునూ 60 మీటర్ల ఎత్తుకు మోయాలి. ఎంత నెమ్మదిగా తోడినా ఆ మోతబరువు తగ్గదు. పైగా మోటారు వేగం ఒక హద్దు కంటే తగ్గితే నీళ్లు పైపులో సగం దాకా లేచి అక్కడే నిలబడతాయి, కాలవలో ఒక్క చుక్కా పడదు. కొలను పంపుకు అలాంటి బరువు లేదు. నీళ్లు ఏ మట్టం నుంచి బయలుదేరాయో ఆ మట్టానికే తిరిగి వస్తున్నాయి. ఎక్కినంతా దిగిపోతోంది. ఒకసారి గొట్టాలన్నీ నీటితో నిండాక ఎత్తుకు మోసే పని మొత్తం మీద సున్నా.

మరి అంత కరెంటు దేనితో పోరాడుతోంది? రాపిడితో. పైపు గోడలు, ప్రతి వంపు, ప్రతి వాల్వు, ఫిల్టర్‌లోని ప్రతి ఇసుక రేణువు నీళ్లను వెనక్కి పట్టి లాగుతాయి. ఈ పట్టు నీళ్లు నెమ్మదిగా పోతున్నప్పుడు చాలా తక్కువ. వేగం పెరిగే కొద్దీ అది వేగంతో సమానంగా కాక, వేగం వర్గంతో పెరుగుతుంది. నీటి ప్రవాహాన్ని రెండింతలు చేస్తే రాపిడి నాలుగింతలు. నాలుగింతల ఒత్తిడికి ఎదురుగా రెండింతల నీళ్లు నెట్టాలి కాబట్టి కావలసిన శక్తి ఎనిమిదింతలు. దీన్నే తిరగేసి చూస్తే, పంపు వేగాన్ని సగానికి దించితే ప్రవాహం సగం అవుతుంది, ఒత్తిడి నాలుగో వంతు అవుతుంది, కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పంపుల శాస్త్రంలో ఇది పాతకాలపు సూత్రం, ఇంజినీరింగ్ విద్యార్థి ప్రతి ఒక్కరూ పరీక్షలో రాసేదే. ఎత్తుకు నీళ్లు మోసే పంపు దగ్గర ఈ సూత్రం ఇచ్చే ఆదా సగంలోనే ఆగిపోతుంది. చుట్టూ తిరిగి అక్కడికే వచ్చే కొలను నీళ్ల దగ్గర దాదాపు పూర్తిగా చేతికి అందుతుంది.

మన కొలనుకు ఈ లెక్క వేద్దాం. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి పాతరకం పంపు నిమిషానికి 3,450 చుట్లు తిరుగుతుంది. అది నిమిషానికి 250 లీటర్లు తోస్తుందనుకుంటే 75 వేల లీటర్లకు 5 గంటలు, 9 యూనిట్లు. ఇప్పుడు వేగాన్ని సగం చేసి 1,725 చుట్లకు దించుదాం. నిమిషానికి 125 లీటర్లే వస్తాయి కాబట్టి 10 గంటలు నడపాలి. కానీ పంపు తీసుకునేది 1,800 వాట్లలో ఎనిమిదో వంతు, 225 వాట్లు. పది గంటలకు 2.25 యూనిట్లు. మోటారులో, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్స్‌లో జరిగే నష్టాలు కలుపుకుని 3 యూనిట్లు అనుకుందాం. అవే నీళ్లు, అదే ఫిల్టర్. రెండింతల సేపు నడిపి, మూడో వంతు కరెంటుతో పని ముగించాం.

ఎక్కువసేపు నడిస్తే ఎక్కువ బిల్లు అన్నది దీపం దగ్గరా, ఇస్త్రీపెట్టె దగ్గరా మనం నేర్చుకున్న సంగతి. అందుకే పంపు రోజంతా తిరుగుతోందంటే మనసు ఒప్పుకోదు. చాలా ఇళ్లలో వేగం మార్చుకోగల కొత్త పంపు పెట్టించుకుని కూడా, దాన్ని పాత అలవాటు ప్రకారం పూర్తి వేగంతో కొన్ని గంటలు తిప్పి ఆపేస్తారు. పెట్టిన డబ్బు అలా వృథా కావడం నన్ను నిజంగా బాధపెడుతుంది. వేగం మార్చగల పంపు కొని వేగం మార్చకపోతే అది మామూలు పంపే.

అలాగని నాలుగో వంతుకో, పదో వంతుకో దించుకుంటూ పోవచ్చా? ఒక హద్దు తర్వాత లాభం కరిగిపోతుంది. ఎలక్ట్రానిక్స్‌కు ఎప్పుడూ కొంత కరెంటు కావాలి. ప్రవాహం మరీ బలహీనమైతే స్కిమ్మర్ పైన తేలే చెత్తను లాక్కోలేదు. ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే పెట్టె తగినంత ప్రవాహం లేదని గుర్తించి తనంతట తానే ఆగిపోతుంది. హీటర్‌దీ అదే పద్ధతి. పైకప్పు మీద సౌర పలకలతో నీళ్లు వేడిచేసే ఇళ్లలో, మొదట నీళ్లను కప్పు దాకా ఎక్కించడానికి గట్టి తోపు ఉండాలి. గొట్టంలో గాలి చేరినప్పుడు దాన్ని తరిమి నీళ్లు పట్టుకోవడానికి కూడా మొదటి కొన్ని నిమిషాలు పంపు వేగంగా తిరగాల్సిందే. అందుకే మంచి అమరికలో రోజుకు కాసేపు ఎక్కువ వేగం, మిగతా సేపు తక్కువ వేగం ఉంటాయి.

కొలను నీళ్లన్నీ ఒకసారి తిప్పితే నీళ్లన్నీ వడకట్టినట్టేనా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. కాదు. గోలెంలో ఒండ్రునీళ్లు ఉన్నాయనుకోండి. ఒక చెంబు తీసి, గుడ్డలో వడకట్టి, మళ్లీ ఆ గోలెంలోనే పోశాం. తర్వాత ముంచిన చెంబులో ఇంతకుముందు వడకట్టిన నీళ్లు కూడా కొంత వస్తాయి. గోలెం నిండా ఎన్ని చెంబులు పడతాయో అన్ని చెంబులూ వడకట్టాక కూడా, ఒక్కసారైనా గుడ్డలోంచి దిగిన నీళ్లు 63 శాతమే. రెండో విడతకు 86 శాతం, మూడో విడతకు 95, నాలుగో విడతకు 98. ప్రతి విడతకూ ఖర్చు ఒకటే, అందులో దక్కేది మాత్రం తగ్గుతూ పోతుంది. మొదటి విడత తెచ్చిన మేలులో ఇరవయ్యో వంతు కూడా నాలుగో విడత తేదు. వందలాది మంది దిగే పబ్లిక్ కొలనులో రోజుకు నాలుగు విడతలు అవసరమే. సాయంత్రం ఇద్దరు పిల్లలు ఈదే ఇంటి కొలనుకు ఒకటీ ఒకటిన్నర విడతలు, నీళ్లలో సరిపడా క్లోరిన్, ఇవి చాలావరకు సరిపోతాయి. నీళ్లలోని క్రిములను చంపేది క్లోరిన్. పంపు ఆ క్లోరిన్‌ను అన్ని మూలలకూ చేరుస్తుంది, మురికిని ఫిల్టర్ దాకా మోస్తుంది. క్లోరిన్ తగ్గిన కొలనులో పంపును ఇరవైనాలుగు గంటలు తిప్పినా నాచు ఆగదు.

ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీలోని ఇంధన పొదుపు కేంద్రం 120 కొలనులను పరిశీలించింది. చిన్న పంపు పెట్టుకుని, నడిపే గంటలు తగ్గించుకున్న యజమానుల్లో కొందరికి పంపు ఖర్చు 75 శాతం దాకా తగ్గింది. రోజుకు మూడు గంటల కంటే తక్కువకు దించినవాళ్లలో కూడా చాలామంది నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. వేగం మార్చే పంపులు ఇళ్లకు రాకముందు సంగతి అది. అప్పటి పంపుల్లో చాలావి అవసరానికి మించి పెద్దవని దాని అర్థం.

ఎందుకు పెద్దవి పెట్టారు? పెద్దది పెడితే ఏ ఫిర్యాదూ రాదు. చిన్నది పెట్టి నీళ్లు మసకబారితే కొలను కట్టినవాడి పీకల మీదికి వస్తుంది. బిల్లు కట్టేది అతను కాదు కదా. దీనికి తోడు పంపు మీద రాసే హార్స్‌పవర్ అంకె కూడా జనాన్ని బాగా తికమకపెట్టింది. మోటారు రేకు మీద హెచ్‌పీతో పాటు సర్వీస్ ఫ్యాక్టర్ అనే మరో అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండింటినీ గుణిస్తేనే అసలు సామర్థ్యం వస్తుంది. 1 హెచ్‌పీ అని రాసి, పక్కన 1.65 ఉంటే సామర్థ్యం 1.65. 1.5 హెచ్‌పీ అని రాసి, పక్కన 1.1 ఉన్నా 1.65 అవుతుంది. ఒకే బలం ఉన్న మోటారు రెండు పేర్లతో అమ్ముడుపోయేది. పాత 1 హెచ్‌పీ పాడైందని, కాస్త బలమైనది కావాలని 1.5 తెచ్చుకున్నవాళ్లకు ఏమీ ఒరగలేదు. పాతదాని మీదున్న హెచ్‌పీ అంకెనే చూసి కొత్తది తెచ్చుకున్నవాళ్లలో కొందరికి మాత్రం, సర్వీస్ ఫ్యాక్టర్ ఎక్కువ ఉన్నది రావడంతో, బిల్లు పెరిగింది.

పైపు సంగతి కూడా కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే కొలను కట్టేటప్పుడు తప్ప మళ్లీ ఆ అవకాశం రాదు. నిమిషానికి అంతే నీళ్లు పంపుతున్నప్పుడు పైపులో రాపిడి దాని వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. ఒకటిన్నర అంగుళం పైపు బదులు రెండు అంగుళాల పైపు వేస్తే రాపిడి మూడున్నర రెట్లకు పైగా తగ్గుతుంది. లంబకోణపు మలుపుల బదులు వంపు తిరిగిన మలుపులు, కాస్త పెద్ద ఫిల్టర్, పంపు కొలనుకు దగ్గరగా ఉండడం, ఇవన్నీ ఒకసారి పెట్టే ఖర్చులు. పైపు మట్టిలో కప్పేశాక ఇరవై ఏళ్లు దాని లెక్క ప్రతి నెలా బిల్లులో కనిపిస్తుంది.

మోటారు లోపలికి వెళ్దాం. పాతరకం ఇండక్షన్ మోటారు చక్రంలో అయస్కాంతం ఉండదు. బయటి తీగచుట్టలు తమ కరెంటుతో దానిలో అయస్కాంతత్వాన్ని పుట్టించాలి, అందులోనే కొంత శక్తి వేడిగా పోతుంది. దాని వేగం ఊరి కరెంటు ఫ్రీక్వెన్సీకి ముడిపడి ఉంటుంది, మనం తగ్గించలేం. కొత్తరకం మోటారు చక్రంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. కరెంటును ముందు ఎలక్ట్రానిక్స్‌తో మార్చి, కావలసిన ఫ్రీక్వెన్సీలో అందిస్తారు. నిమిషానికి 600 చుట్ల నుంచి 3,450 చుట్ల దాకా ఎక్కడైనా నిలపవచ్చు, తక్కువ వేగంలోనూ సామర్థ్యం పెద్దగా పడిపోదు. పాత పంపు తీసుకున్న 1,800 వాట్లలో నీటికి అందేది 700 వాట్ల చిల్లర. మిగతాది మోటారు వేడిగానూ, చక్రం దగ్గర సుడులుగానూ పోతుంది. నీటికి అందిన ఆ 700 కూడా రాపిడిలో చివరికి వేడిగానే మారుతుంది. అయినా 75 వేల లీటర్ల నీళ్లు దానివల్ల రోజుకు ఒక డిగ్రీలో పదో వంతు కూడా వేడెక్కవు.

ఈ భౌతికశాస్త్రం చట్టంలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. దారి చూపింది కాలిఫోర్నియా. 2006లో మరీ తక్కువ సామర్థ్యమున్న మోటారు రకాలను ఆ రాష్ట్రం నిలిపేసింది. 2008 నుంచి 1 హెచ్‌పీ, అంతకు మించిన కొలను పంపు మోటార్లకు కనీసం రెండు వేగాలు ఉండాలంది. ఆ తర్వాత కేంద్ర ఇంధన శాఖ రంగంలోకి దిగింది. పంపు తయారీదారులు, పర్యావరణ సంస్థలు, విద్యుత్ సంస్థలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకున్న ప్రమాణాలను 2017 జనవరిలో ప్రకటించింది. అవి 2021 జులై 19 నుంచి అమల్లోకి వచ్చాయి. నేలలో కట్టిన కొలనులకు వాడే పెద్ద పంపుల్లో ఒకే వేగం ఉన్నవి ఆ ప్రమాణాన్ని అందుకోలేవు. అయితే మోటారు కాలిపోతే పంపు ఉంచి మోటారు ఒక్కటే మార్చుకునే సందు మిగిలింది. 2023లో మోటార్లకూ విడిగా నిబంధన తెచ్చి దాన్ని మూశారు. ఆస్ట్రేలియాలో 2022 నుంచి కొలను పంపుల మీద నక్షత్రాల లేబుల్ తప్పనిసరి. కొనేవాడు తనంతట తాను ఈ లెక్కలన్నీ వేయలేడు, అమ్మేవాడికి వేయాల్సిన అవసరం లేదు. ఇలాంటి చోట ప్రభుత్వం కలగజేసుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

పంపుకు ఇంకో మంచి గుణం ఉంది. అది ఎప్పుడు నడిచినా ఫరవాలేదు. అన్నం వండే పొయ్యిని రాత్రి రెండింటికి వెలిగించమని ఎవరికీ చెప్పలేం, కొలను పంపుకు చెప్పవచ్చు. కాలిఫోర్నియాలో చాలామందికి సాయంత్రం 4 నుంచి 9 దాకా యూనిట్ ధర ఎక్కువ. సూర్యుడు దిగిపోతూ సౌరవిద్యుత్తు తగ్గే వేళకే ఇళ్లలో వాడకం పెరుగుతుంది కాబట్టి ఆ ధర. పైకప్పు మీద పలకలున్న ఇంట్లో పంపును ఉదయం తొమ్మిది నుంచి మూడు దాకా నడిపితే అది ఎండతో నడిచినట్టే. కొలను నియంత్రణ పరికరాలు మొదటి నుంచీ ఆ రద్దీవేళను తప్పించేలా అమర్చి ఉండాలని 2023లో ఆ రాష్ట్ర ఇంధన కమిషన్ నిర్ణయించింది. ఫ్లోరిడాలో అతిపెద్ద విద్యుత్ సంస్థ అంతకు చాలా ముందునుంచే, రద్దీ పెరిగినప్పుడు కాసేపు తమ పంపును ఆపడానికి ఒప్పుకున్న ఇళ్లకు బిల్లులో తగ్గింపు ఇచ్చింది.

టెక్సస్‌లో చలి మరో లెక్క తెస్తుంది. గడ్డకట్టే చలి దగ్గరపడగానే పంపు దానంతట అదే మొదలయ్యేలా అమరుస్తారు. కదిలే నీళ్లు పైపులో తొందరగా గడ్డకట్టవు. దీనికి పూర్తి వేగం అక్కరలేదు, నీళ్లు అన్ని గొట్టాల్లోనూ కదులుతుంటే చాలు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటే పోవడంతో పంపులు ఆగాయి, పైపులు, ఫిల్టర్లు పగిలిపోయాయి. కరెంటు లేనప్పుడు చేయాల్సిన పని ఒకటే. పంపుకు, ఫిల్టర్‌కు కింద ఉన్న బిరడాలు తీసి నీళ్లు వదిలేయాలి. అవి ఎక్కడున్నాయో చలికాలానికి ముందే చూసి పెట్టుకోవడం మంచిది.

హైదరాబాద్‌లో కొల్లూరు, తెల్లాపూర్, గండిపేట వైపు విల్లాల్లో ఇప్పుడు ఇలాంటి కొలనులు వస్తున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, పంపు తిరిగేది 2,900 చుట్ల దగ్గర, సూత్రం మాత్రం ఒకటే. 1.7 కిలోవాట్ల పంపు రోజుకు 6 గంటలు నడిస్తే నెలకు 300 యూనిట్లు పైమాటే. ఇక్కడ సగటు ధరతో గుణిస్తే తప్పు లెక్క వస్తుంది. మన టారిఫ్ మెట్లు మెట్లుగా ఉంటుంది. ఇంటి వాడకం అప్పటికే పై మెట్టులో ఉంటే, పంపు యూనిట్లన్నీ ఆ పై ధరకే పడతాయి. 2024లో ఆ ధర తెలంగాణలో 800 యూనిట్లు దాటాక 10 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 400 దాటాక 9.75 రూపాయలు. అంటే పంపు ఒక్కటే నెలకు 3 వేలు. అదే నీటిని సగం వేగంతో 12 గంటలు తిప్పితే వెయ్యి రూపాయల దగ్గర ఆగుతుంది. వేగం మార్చే పంపుకు మామూలుదానికంటే ఎక్కువ ధర పెట్టాలి. ఏడాది పొడవునా ఈదే మన వాతావరణంలో ఆ తేడా త్వరగా తీరుతుంది. ఏడాదికి నాలుగు నెలలే కొలను తెరిచే న్యూజెర్సీ ఇంట్లో తీరడానికి ఎక్కువ కాలం పడుతుంది.

కొత్త పంపు కొనకపోయినా చేయగలిగింది ఉంది. ముందు మీ పంపు ఎంత తింటోందో కొలవండి. ఇంట్లో ఏసీలు, గీజర్లు, ఫ్రిజ్ ఆపి, పంపు ఒక్కటే గంటసేపు నడిపి, మీటరు ముందూ తర్వాతా చూడండి. ఫిల్టర్ కడిగిన రోజున దాని మీదున్న ప్రెషర్ గేజ్ అంకె రాసిపెట్టుకోండి. ఆ అంకె మీద 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగితే ఫిల్టర్ మూసుకుపోతోందని అర్థం, మళ్లీ కడగాలి. మూసుకుపోయిన ఫిల్టర్‌తో పంపు తిరుగుతూనే ఉంటుంది, వచ్చే నీళ్లే తగ్గిపోతాయి. బుట్టలు ఖాళీ చేయండి, క్లోరిన్ పరీక్షించండి. ఆ తర్వాత పంపు నడిపే సమయాన్ని వారానికి అరగంట చొప్పున తగ్గిస్తూ రండి. లోతైన వైపు అడుగున ఉన్న రంధ్రపు మూత గట్టు మీద నుంచి స్పష్టంగా కనిపిస్తున్నంత కాలం తగ్గించవచ్చు. కాస్త మసకగా కనిపించిన రోజున ఒక అరగంట వెనక్కి పెంచండి. ఎండాకాలంలో, పిల్లల సెలవుల్లో, గాలిదుమారం వచ్చిన మర్నాడు ఆ సమయం పెరుగుతుంది. డిసెంబరులో మళ్లీ తగ్గుతుంది.